ఎత్తుకు పైఎత్తు: యుద్ధతంత్రాన్ని గేమ్ థియరీ ఎలా లెక్కగడుతుంది

1943 ఫిబ్రవరి 28న న్యూ బ్రిటన్ దీవిలోని రబౌల్ రేవు నుంచి జపాన్ కాన్వాయ్ ఒకటి బయల్దేరింది. ఎనిమిది రవాణా ఓడలు, వాటికి కాపలాగా ఎనిమిది డిస్ట్రాయర్లు, మొత్తం మీద సుమారు 6,900 మంది సైనికులు. చేరాల్సింది న్యూ గినియా తీరంలోని లే పట్టణానికి. కాన్వాయ్‌ని నడిపిస్తున్నవాడు రియర్ అడ్మిరల్ మసతోమి కిమురా. ఆయన ముందు రెండు దారులున్నాయి. దీవికి ఉత్తరం వైపు వాన, దట్టమైన మబ్బులు. పై నుంచి చూసేవాళ్లకు ఓడలు ఓ పట్టాన కనపడవు. దక్షిణం వైపు ఆకాశం తేటగా ఉంటుంది. ఎటు నుంచి వెళ్లినా ప్రయాణం మూడు రోజులే.

ఆ ఓడల్ని అడ్డుకోవాల్సినవాడు ఆ ప్రాంతంలో మిత్రపక్షాల వైమానిక దళాలకు అధిపతైన జనరల్ జార్జ్ కెన్నీ. రెండు వైపులా గట్టిగా గాలించేటన్ని నిఘా విమానాలు ఆయన దగ్గర లేవు. ఎక్కువ భాగాన్ని ఏదో ఒక వైపే పంపాలి.

అమెరికా వాయుసేన అధికారి ఓ.జి. హేవుడ్ 1954లో ఈ ఘట్టాన్ని గేమ్ థియరీ (ఎదుటివాడి ఎత్తును కూడా లెక్కలోకి తీసుకుని మన ఎత్తు తేల్చే గణితం) పట్టికలోకి ఎక్కించాడు. యుద్ధతంత్రాన్ని గణితంతో చూడటం గురించి ఎక్కడ మాట్లాడినా ఈ ఉదాహరణ వస్తుంది. పట్టికలో గడులు నాలుగే. ఒక్కో గడిలో ఉండే అంకె, కాన్వాయ్ మీద బాంబులు వేయడానికి కెన్నీకి దొరికే రోజులు. కెన్నీ ఉత్తరాన వెతికితే, కిమురా ఉత్తరంగా వెళ్లినా దక్షిణంగా వెళ్లినా రెండు రోజులు దొరుకుతాయి. ఉత్తరాన మబ్బుల వల్ల ఒక రోజు పోతుంది. దక్షిణాన విమానాలు తక్కువగా ఉన్నందుకు ఒక రోజు పోతుంది. కెన్నీ దక్షిణాన వెతుకుతున్నప్పుడు కిమురా ఉత్తరంగా జారుకుంటే మిగిలేది ఒక్క రోజే. ఇద్దరూ దక్షిణమే ఎంచుకుంటే మూడు రోజులూ బాంబులే.

ఇప్పుడు కిమురా వైపు నుంచి చూడండి. ఉత్తరంగా వెళ్తే ఆయనకు పడే దెబ్బ రెండు రోజులు, లేదా ఒకటి. దక్షిణంగా వెళ్తే రెండు, లేదా మూడు. కెన్నీ ఏం చేసినా సరే, ఉత్తరం దక్షిణం కంటే ఎప్పుడూ నష్టం కాదు. కాబట్టి కిమురా ఉత్తరానికే వస్తాడు. ఆ సంగతి గ్రహించిన కెన్నీకి దక్షిణంలో దొరికేది ఒక్క రోజు, ఉత్తరంలో రెండు. ఇద్దరూ ఉత్తరానే తేలతారు. నిజంగా జరిగిందీ అదే.

ఇలాంటి గడిని సాడిల్ పాయింట్ అంటారు. ఇద్దరిలో ఎవరు ఒంటరిగా నిర్ణయం మార్చుకున్నా బాగుపడరు. దీనికి ఇంకో లక్షణం ఉంది, సైనికులకు నిజంగా ఉపయోగపడేది అదే: సాడిల్ పాయింట్ ఉన్నచోట రహస్యానికి విలువ లేదు. కిమురా తన దారిని ముందే చాటింపు వేసి చెప్పినా కెన్నీకి రెండు రోజుల కంటే ఎక్కువ దొరకదు. కెన్నీ విమానాలు ఎటు వెళ్తున్నాయో కిమురాకి ముందే తెలిసినా ఆయనకు మేలు జరగదు.

హేవుడ్ దీన్ని ఊరికే వినోదానికి రాయలేదు. శత్రువు ఏం చేయాలనుకుంటున్నాడో ఊహించి కాకుండా, ఏం చేయగలడో లెక్కేసుకుని నిర్ణయం తీసుకోవాలన్నది అమెరికా సైన్యం అప్పట్లో తన అధికారులకు నేర్పిన సూత్రం. ఆ సూత్రానికీ, ప్రత్యర్థి తనకు మేలైన ఎత్తే వేస్తాడనుకుని ఆడాలనే గణితానికీ మూలం ఒకటేనని చూపించడమే ఆయన ఉద్దేశం.

ఇక్కడిదాకా చక్కగానే ఉంది. కానీ పట్టికను పక్కన పెట్టి మార్చి 3న హువాన్ అఖాతంలో ఏం జరిగిందో చూస్తే, "రెండు రోజులు" అన్న ఆ అంకె ఎంత దాచిపెట్టిందో తెలుస్తుంది. ఎనిమిది రవాణా ఓడలూ మునిగిపోయాయి. ఎనిమిది డిస్ట్రాయర్లలో నాలుగు పోయాయి. సుమారు 3,000 మంది చనిపోయారు. లే చేరినవాళ్లు 1,200 మందికి మించరు. అంతకు రెండు నెలల ముందు, అదే జనవరిలో, ఇలాంటి కాన్వాయే విమాన దాడుల మధ్య నుంచి చాలావరకు క్షేమంగా లే చేరింది. కాబట్టి దాడికి ఒక రోజు దొరికితే జరిగే నష్టం ఎంతో తమకు తెలుసని జపాన్ అధికారులు అనుకోవడంలో వింత లేదు.

ఈ లోపు కెన్నీ మనుషులు ఆ విలువనే మార్చేశారు. అంతకుముందు బాంబులు చాలా ఎత్తు నుంచి పడేవి, ఎక్కువ భాగం నీళ్ల పాలయ్యేవి. ఇప్పుడు బి-25 విమానాల ముక్కులో వరసగా మెషిన్‌గన్లు బిగించారు. ఓడ స్తంభం ఎత్తుకు దిగి వచ్చి బాంబు వదిలితే, చెరువు మీదకి విసిరిన పెంకులా అది నీటి మీద కప్పగంతులు వేస్తూ పోయి ఓడ పక్కకు తగిలేది. దాడికి మిగిలిన రోజులు రెండే, కానీ ఆ రోజు బరువు ఇదివరకటిది కాదు.

ఈ వ్యాసంలో నేను మళ్లీ మళ్లీ వచ్చేది ఈ విషయానికే. గేమ్ థియరీలో సమీకరణం కష్టమైన భాగం అనిపిస్తుంది గానీ, యుద్ధం దగ్గరకొచ్చేసరికి అసలు కష్టమంతా గడిలో ఏం రాయాలన్నదే. బి-25ల్ని మార్చిన మెకానిక్కులు పట్టికలో ఏ వరసనూ ఎంచుకోలేదు, పట్టికనే తిరగరాశారు.

ఇంకొక సంగతి కూడా ఉంది. కాన్వాయ్ రాబోతోందని, అది లే పట్టణానికే వెళ్తుందని జపాన్ సంకేత సందేశాల్ని ఛేదించిన మిత్రపక్షాలకు ముందే తెలుసు. పట్టికలోని ఇద్దరు ఆటగాళ్లకు తెలిసినది సమానం. సముద్రం మీద మాత్రం ఇద్దరికీ తెలిసినది సమానం కాదు.

సాడిల్ పాయింట్ లేనప్పుడు

హేవుడ్ తీసుకున్న రెండో ఘట్టం 1944 ఆగస్టు నాటిది. నార్మండీలో అవ్రాంష్ దగ్గర అమెరికా సేనలు జర్మన్ వరసను ఛేదించి సన్నటి సందులోంచి దక్షిణానికి పోటెత్తాయి. జర్మన్ ఫీల్డ్ మార్షల్ ఫాన్ క్లూగె ముందు రెండు మార్గాలు: పశ్చిమానికి దాడి చేసి ఆ సందును మూసేయడం, లేదా తూర్పుకు తగ్గిపోవడం. అమెరికన్ జనరల్ ఒమర్ బ్రాడ్లీ దగ్గర రిజర్వు బలగం ఉంది. దాన్ని సందు దగ్గరకు పంపవచ్చు, తూర్పుకు పంపి జర్మన్లను తరమవచ్చు, లేదా ఒక రోజు ఆగి చూడవచ్చు.

వెంటనే సందు దగ్గరకు పంపడం కంటే ఒక రోజు ఆగడం ఏ రకంగా చూసినా మేలు, కాబట్టి ఆ మొదటి మార్గాన్ని కొట్టేయవచ్చు. మిగిలిన దాంట్లో చిక్కుంది. బ్రాడ్లీ ఆగితే క్లూగెకి తగ్గిపోవడం మంచిది. క్లూగె తగ్గిపోతుంటే బ్రాడ్లీకి తూర్పుకు తరమడం మంచిది. బ్రాడ్లీ తూర్పుకు పోతే క్లూగెకి దాడి మంచిది. క్లూగె దాడి చేస్తే బ్రాడ్లీ ఆగి ఉండటమే మంచిది. చుట్టూ తిరిగి మొదటికే వచ్చాం. ఇక్కడ ఎవరి మనసులో మాట బయటపడితే వాళ్ల కొంప మునుగుతుంది.

బ్రాడ్లీ ఆగాడు. క్లూగె వెనక్కి తగ్గాలనుకున్నాడు. తూర్పు ప్రష్యాలోని తన స్థావరం నుంచి హిట్లర్ నడుపుతున్న యుద్ధం కాబట్టి అతని మాటే చెల్లింది, దాడి చేయమన్నాడు. ఆగస్టు 7న మోర్టాన్ దగ్గర మొదలైన దాడి విఫలమైంది. ఆ తర్వాత ఫలేజ్ దగ్గర పదుల వేల జర్మన్ సైనికులు ఉచ్చులో చిక్కారు. పదవి పోయిన క్లూగె ఆగస్టు 19న విషం మింగి చనిపోయాడు. బ్రాడ్లీకి పట్టికలో అన్నిటికంటే మంచి గడి దక్కింది. దానికి కారణం ప్రత్యర్థి తన సొంత లెక్క ప్రకారం ఆడే స్వేచ్ఛ పోగొట్టుకోవడం. ఇక్కడ కూడా జర్మన్ సందేశాల్ని మిత్రపక్షాలు చదువుతున్నాయి. ఆ రహస్యం ప్రపంచానికి 1970లలో గానీ బయటపడలేదు, అందుకే 1954 నాటి పట్టికలో దానికి చోటు లేదు.

అదృష్టాన్ని పనిలో పెట్టుకోవడం

చుట్టూ తిరిగే ఆటకు జవాబును 1928లో గణితజ్ఞుడు జాన్ ఫాన్ నాయ్‌మన్ నిరూపించాడు. ఒకరి లాభం ఇంకొకరి నష్టంగా ఉండే ఇద్దరి ఆటలో, ఎవరికి వారు తమ ఎత్తుల్ని తగిన పాళ్లలో కలిపి, చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా ఆడితే, ఇద్దరికీ ఒక స్థిరమైన విలువ తేలుతుంది. దీన్ని మిక్స్‌డ్ స్ట్రాటజీ అంటారు. చెప్పడం తేలికే, కానీ అందులోంచి బయటికొచ్చే ఫలితాలు మన సహజ బుద్ధికి అడ్డం తిరుగుతాయి. ఒక చిన్న లెక్క చేసి చూద్దాం.

100 ట్రక్కుల సరఫరా కాన్వాయ్‌కి రెండు దారులున్నాయి. ఒకటి అడవి దారి. అక్కడ శత్రువు మాటు వేసి దొరకబుచ్చుకుంటే 60 ట్రక్కులు పోతాయి. రెండోది మైదానం దారి. అక్కడ మాటు వేస్తే 20 పోతాయి. శత్రువు దగ్గర మాటు వేసే దళం ఒకటే ఉంది. కాన్వాయ్ అటూ, దళం ఇటూ ఉంటే నష్టమేమీ లేదు.

ఎప్పుడూ మైదానం నుంచే వెళ్తే శత్రువు అక్కడే కూర్చుంటాడు, ప్రతిసారీ 20 పోతాయి. అదే నాలుగుసార్లలో సగటున ఒకసారి అడవి నుంచి, మూడుసార్లు మైదానం నుంచి వెళ్తే? శత్రువు అడవిలో ఉంటే సగటు నష్టం 60లో నాలుగో వంతు, అంటే 15. మైదానంలో ఉంటే 20లో మూడొంతులు, అదీ 15. శత్రువు ఎక్కడ కూర్చున్నా అదే నష్టం. ప్రమాదకరమైన దారిని అప్పుడప్పుడు వాడటం వల్ల ట్రిప్పుకి అయిదు ట్రక్కులు మిగిలాయి.

శత్రువు వైపు నుంచి చేస్తే లెక్క ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. తనకు ఎక్కువ వేట దొరికే అడవిలో అతను ఉండాల్సింది నాలుగుసార్లలో ఒక్కసారే. ఇప్పుడు అతనికి కొత్త ఆయుధాలు వచ్చి, అడవిలో దొరికితే 80 ట్రక్కులు ధ్వంసం చేయగలిగాడనుకోండి. అడవికి ఇంకా ఎక్కువసార్లు వెళ్లాలని మనకు తోస్తుంది. లెక్క మాత్రం అయిదుసార్లలో ఒకసారే వెళ్లమంటుంది. అడవి భయంకరమైన కొద్దీ కాన్వాయ్ అటు రావడం తగ్గిస్తుంది; కాబట్టి అక్కడ కాపు కాయడం వృథా. ఆయుధం బలపడ్డందుకు అతనికి కలిగే లాభం కూడా అంతంతే: సగటు నష్టం 15 నుంచి 16కి పెరుగుతుంది, అంతే. భయం పని చేసిన చోట ఆయుధానికి పని తక్కువ. యుద్ధ చరిత్రల్లో "అంత మంచి ఆయుధం ఉండి అక్కడ ఎందుకు వాడలేదు" అన్న ప్రశ్న ఎదురైనప్పుడల్లా నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది.

ఇలాంటి ఆటను 1942, 43లలో బిస్కే అఖాతంలో నిజంగానే ఆడారు. ఫ్రాన్స్ రేవుల నుంచి అట్లాంటిక్‌కి వెళ్లే జర్మన్ జలాంతర్గాములు బ్యాటరీలు ఛార్జ్ చేసుకోవడానికి ఎప్పుడో ఒకప్పుడు పైకి తేలక తప్పదు. రాత్రి తేలితే విమానాలకు కనపడవు. 1942 జూన్‌లో బ్రిటన్ విమానాలకు రాడార్‌తో పాటు లీ లైట్ అనే శక్తివంతమైన సెర్చ్‌లైట్ వచ్చింది. చీకటి చాటు పోయింది. జర్మన్లు పగలే తేలమని ఆదేశించారు. అదే ఏడాది రాడార్ సంకేతాన్ని పసిగట్టే మెటాక్స్ పరికరం వచ్చాక మళ్లీ రాత్రికి మారారు. 1943లో మెటాక్స్ పట్టుకోలేని, 10 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంతో పనిచేసే రాడార్ వచ్చింది, మళ్లీ పగలు. గణితజ్ఞులూ భౌతికశాస్త్రజ్ఞులూ సైన్యాల్లో చేరి ఈ ఎత్తులూ పైఎత్తుల్నీ కాగితం మీద పెట్టడం మొదలుపెట్టింది ఇలాంటి చోట్లే. ఆపరేషన్స్ రీసెర్చ్ అనే శాస్త్రం ఆ యుద్ధంలోనే రూపు దిద్దుకుంది.

మిక్స్‌డ్ స్ట్రాటజీ మీద కమాండర్లకు ఒక సహజమైన అభ్యంతరం ఉంటుంది. "వందల ప్రాణాల్ని చీటీకి వదిలేయమంటారా?" అని. హేవుడ్ కూడా ఈ అయిష్టాన్ని గుర్తించాడు. ఒక్కసారే జరిగే యుద్ధంలో సగటు అన్న మాటకు ఎంత అర్థముందో చెప్పడం కష్టం. ఆ అభ్యంతరంలో నిజముంది. కానీ గస్తీ, కాన్వాయ్, తనిఖీ లాంటివి రోజూ జరిగే పనులు. అక్కడ చీటీని మించిన రక్షణ లేదు, ఎందుకంటే మనుషులకు యాదృచ్ఛికంగా ప్రవర్తించడం చేతకాదు. నిన్న అడవి దారిన వెళ్లాం కాబట్టి ఇవాళ వద్దు అనుకుంటాం. ఆ అలవాటును గమనించే శత్రువుకు అంతకంటే కావలసింది లేదు.

2007లో లాస్ ఏంజిలిస్ విమానాశ్రయంలో పోలీసులు ఈ దారే పట్టారు. మిలింద్ తాంబే బృందం రూపొందించిన ఆర్మర్ అనే సాఫ్ట్‌వేర్, రోడ్ల మీద చెక్‌పోస్టులు ఎప్పుడు ఎక్కడ పెట్టాలో, కుక్కల గస్తీ ఏ టెర్మినల్‌కి వెళ్లాలో యాదృచ్ఛికంగా నిర్ణయించేది. అన్ని టెర్మినళ్లకూ సమాన అవకాశం ఇవ్వదు. దెబ్బ తగిలితే ఎక్కువ నష్టం ఉన్నచోటికి ఎక్కువ పాలు. దాడి చేసేవాడు వారాల తరబడి గస్తీని గమనించి వస్తాడని కూడా ముందే లెక్కలోకి తీసుకుంటుంది.

బలగాన్ని పంచడం

సైన్యాన్ని ఎక్కడెక్కడ ఎంతెంత నిలపాలన్న ప్రశ్నకు 1921లోనే ఫ్రెంచ్ గణితజ్ఞుడు ఎమీల్ బొరెల్ ఒక ఆట రూపం ఇచ్చాడు. తర్వాత దానికి కల్నల్ బ్లాటో ఆట అని పేరొచ్చింది. ఇద్దరికీ చెరో 100 మంది సైనికులు, మూడు కొండలు. ఒకరికి తెలియకుండా ఒకరు పంచాలి. ఏ కొండ మీద ఎక్కువ మంది ఉంటే ఆ కొండ వాళ్లది. రెండు కొండలు గెలిస్తే యుద్ధం గెలిచినట్టు.

సమానంగా 34, 33, 33 పంచారనుకోండి. ప్రత్యర్థి 50, 50, 0 పెట్టి రెండు కొండలు పట్టుకుపోతాడు. ఆ 50, 50, 0ని 51, 0, 49 ఓడిస్తుంది. దాన్ని 0, 50, 50 ఓడిస్తుంది. దాన్ని 1, 51, 48. ఇలా ఎంత దూరమైనా పోవచ్చు. ఓడించలేని పంపకం అంటూ ఏదీ లేదు.

బలాలు సమానం కానప్పుడు ఈ ఆట చెప్పేది ఇంకా పదునుగా ఉంటుంది. 2006లో బ్రయన్ రాబర్సన్ ఇచ్చిన పూర్తి పరిష్కారం ప్రకారం, బలవంతుడు అన్నిచోట్లా ఎంతో కొంత పెట్టి, ఆ మోతాదును మాత్రం మారుస్తూ ఉండాలి. బలహీనుడు అలా చేస్తే అన్నిచోట్లా ఓడిపోతాడు. శత్రువు బలంలో సగమే ఉన్నవాడు పది రంగాల్లో సుమారు సగాన్ని పూర్తిగా వదిలేసి, మిగిలిన వాటిలో కుమ్మరించాలి. అప్పుడు సగటున నాలుగో వంతు రంగాలు గెలుస్తాడు. ఏ సగాన్ని వదిలాడో ఎదుటివాడికి తెలియకుండా ఉన్నంత వరకే ఈ లెక్క నిలుస్తుంది. గెరిల్లా దళాలు తమకు నచ్చిన చోటే తేలి మిగతా చోట్ల కనపడకపోవడానికి గణితంలో ఇంత సూటి సమర్థన ఉండటం నాకు చాలా నచ్చిన విషయం.

ఎప్పుడు కాల్చాలి

ఎక్కడ అన్న ప్రశ్న కంటే ఎప్పుడు అన్న ప్రశ్న చిక్కైనది. 1940ల చివర్లో అమెరికా సైనిక పరిశోధనలు చేసే ర్యాండ్ సంస్థలో డేవిడ్ బ్లాక్‌వెల్, లాయిడ్ షాప్లీ లాంటి గణితజ్ఞులు ద్వంద్వ యుద్ధాల మీద పని చేశారు. ఇద్దరు ఎదురెదురుగా దగ్గరవుతున్నారు. చెరో తూటా. దూరంలో ఉన్నప్పుడు గురి తప్పే అవకాశం ఎక్కువ. దగ్గరైన కొద్దీ గురి పెరిగి, చివరికి తప్పనే తప్పదు. తొందరపడి కాలిస్తే తూటా వృథా, ఆలస్యం చేస్తే ప్రాణం పోతుంది. బాంబర్ మీదకు వచ్చే ఫైటర్ విమానానికి ఉన్న టెన్షన్ సరిగ్గా ఇదే.

కాల్చిన చప్పుడు ఇద్దరికీ వినిపిస్తే జవాబు తేలిక. మీరు కాల్చి తప్పితే, అవతలివాడు నింపాదిగా దగ్గరకొచ్చి కాలుస్తాడు. అందుకని ఇద్దరి గురి తగిలే అవకాశాలూ కలిపి ఒకటైన (అంటే నూటికి నూరైన) క్షణం కాల్చాలి. ఇద్దరూ సమాన నేర్పరులైతే, గురి సరిగ్గా సగం అయినప్పుడు.

చప్పుడు వినపడకపోతే ఆట మారిపోతుంది. అవతలివాడు ఇప్పటికే కాల్చి తప్పాడో, ఇంకా తూటా దాచుకున్నాడో మీకు తెలియదు. ఒకే క్షణాన్ని నమ్ముకుంటే దానికి కాస్త ముందు కాల్చేవాడు గెలుస్తాడు, కాబట్టి క్షణాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకోవాలి. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? ఇద్దరి గురీ దగ్గరైన కొద్దీ సమానంగా పెరుగుతుంటే, గురి మూడో వంతు చేరే వరకూ ఎవరూ కాల్చకూడదు. ఎందుకో సరిచూడటం తేలికే. ఉత్తమ వ్యూహం ఆడే ప్రత్యర్థి కాల్పుల సగటు గురి సగం ఉంటుంది. మీరు మూడో వంతు దగ్గర కాలిస్తే మూడిట ఒకసారి గెలుస్తారు. తప్పిన రెండుసార్లలో సగం, అంటే మూడిట ఇంకోసారి, అతను గెలుస్తాడు. సరికి సరి. అంతకంటే ముందు కాలిస్తే మీకే నష్టం. ఆ గీత దాటాక, తొందరగా కాల్చే అవకాశానికి ఎక్కువ పాలు ఇస్తూ కలపాలి. చప్పుడు వినిపించినా వినపడకపోయినా సగటు గురి సగమే. నిశ్శబ్దం చేసిందల్లా ఆ ఒక్క క్షణాన్ని పరిచి చెల్లాచెదురు చేయడం.

తూటాలు పెరిగితే, వేగాలు మారితే, వెంటాడేవాడూ తప్పించుకునేవాడూ క్షణక్షణం దిశ మార్చుకుంటుంటే లెక్క అవకలన సమీకరణాల్లోకి వెళ్లిపోతుంది. ర్యాండ్‌లోనే రూఫస్ ఐజాక్స్ 1950ల ఆరంభంలో వేసిన ఆ పునాది మీద తర్వాత క్షిపణులు విమానాల్ని వెంటాడే పద్ధతుల అధ్యయనం పెరిగింది.

గడిలోకి అంకె ఎక్కడి నుంచి వస్తుంది

పట్టిక మొదట్లో వదిలేసిన ప్రశ్న ఇది. ఫలానా చోట ఫలానా బలాలు తలపడితే ఎవరికి ఎంత నష్టం? దీనికి ఎక్కువగా వాడే పనిముట్టు గేమ్ థియరీ కంటే పాతది. ఇంగ్లండ్ ఇంజనీర్ ఫ్రెడరిక్ లాంచెస్టర్ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ప్రతిపాదించిన వర్గ నియమం అది. ఇరుపక్షాలూ దూరం నుంచి కాల్చుకుంటూ, అందరూ అందరి మీదా గురిపెట్టగలిగినప్పుడు, బలం సంఖ్యకు కాకుండా సంఖ్య వర్గానికి అనుపాతంలో ఉంటుంది.

1,000 మంది, 800 మందితో తలపడ్డారు. సమానమైన ఆయుధాలు, సమానమైన నేర్పు. 800 మందీ తుడిచిపెట్టుకుపోయేసరికి ఇటు మిగిలేది 200 కాదు, 600. వెయ్యి వర్గంలోంచి ఎనిమిది వందల వర్గం తీసేసి వర్గమూలం కట్టి చూడండి. ఇప్పుడు ఆ 800 మంది నాయకుడు, వెయ్యి మందిని అయిదేసి వందల రెండు ముక్కలుగా విడగొట్టి ఒకదాని తర్వాత ఒకటి ఎదుర్కోగలిగితే? మొదటి ముక్కను ముగించేసరికి అతని దగ్గర 624 మంది ఉంటారు. రెండోదాన్ని కూడా ముగించాక 374 మంది. ఓడిపోవాల్సినవాడు గెలిచాడు. 1805లో ట్రఫాల్గర్ దగ్గరి నౌకాయుద్ధంలో బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ 27 ఓడలతో 33 ఓడల శత్రు వరసను మధ్యలో తెంచడానికి వేసిన పథకాన్ని లాంచెస్టర్ ఈ నియమంతోనే వివరించాడు.

లాంచెస్టర్ నియమంలో శత్రువుకు నిర్ణయాలు లేవు, కరిగిపోవడం తప్ప. గేమ్ థియరీలో నిర్ణయాలున్నాయి గానీ తుపాకులు లేవు. ఒకటి గడులు నింపుతుంది, ఇంకొకటి గడుల్లోంచి దారి చూపిస్తుంది. రెండూ కలిస్తేనే పని జరుగుతుంది. మొదటిదాంట్లో తప్పు దొర్లితే రెండోది ఎంత శుద్ధంగా ఉన్నా ప్రయోజనం లేదు. సైనికులు ఏ క్షణంలో తెగించి నిలబడతారో, ఏ క్షణంలో తుపాకులు పడేసి పరిగెడతారో చెప్పే నియమం ఈ రెండింటిలోనూ లేదు. నిజమైన యుద్ధాల్లో చివరి మనిషి దాకా పోరాడటం అరుదు.

జీరో-సమ్ అన్న ఊహ, అంటే ఒకరి లాభం సరిగ్గా ఇంకొకరి నష్టమే అన్న ఊహ కూడా దగ్గరకెళ్లి చూస్తే నిలవదు. మొదటి ప్రపంచయుద్ధంలో పశ్చిమ రంగపు కందకాల్లో ఒకరికొకరు ఎదురుగా నెలల తరబడి ఉండిపోయిన దళాలు, చాలాచోట్ల మాటల్లేకుండానే ఒక ఒప్పందానికి వచ్చాయి. ఫిరంగులు రోజూ ఒకే వేళకు, ఒకే చోట పేలేవి. ఎవరూ లేని చోట. భోజనాల వేళ కాల్పులుండేవి కావు. ఒక వైపు మాట తప్పితే రెండో వైపు గట్టిగా బదులిచ్చి, మళ్లీ సద్దుమణిగేది. రాజనీతి శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ 1984లో దీన్ని పదేపదే ఆడే ఖైదీల సందిగ్ధం ఆటగా (ఒక్కసారికి ఎవరికి వారికి మోసమే లాభం, కానీ ఇద్దరూ సహకరిస్తే ఇద్దరికీ మేలు అనే ఆట) విశ్లేషించాడు. రేపు మళ్లీ వీళ్లతోనే తలపడాలి అన్న ఒక్క నిజం చాలు, శత్రువుల మధ్య కూడా సహకారం మొలవడానికి. పైనున్న బ్రిటిష్ సేనాధిపతులు దాన్ని పగలగొట్టడానికి కనుక్కున్న ఉపాయం కూడా గేమ్ థియరీ ప్రకారమే పని చేసింది: రాత్రివేళ చిన్న దళాలతో అవతలి కందకం మీద దాడులు చేయించడం. ఫిరంగిని గురి తప్పించి పేల్చి లెక్క చూపించవచ్చు. కందకంలోకి వెళ్లి ఖైదీల్ని పట్టుకు రమ్మంటే నటించడానికి వీలుండదు. సేనాధిపతికీ జర్మనీకీ మధ్య ఉన్నది ఒక ఆట, కందకంలోని సైనికుడికీ ఎదుటి కందకంలోని సైనికుడికీ మధ్య ఉన్నది ఇంకొక ఆట. ఒకే పట్టికలో రెండూ పట్టవు.

ఈ మధ్య అంకెలు నింపే పని యంత్రాలకు అప్పగించడం మొదలైంది. లక్షల సార్లు తమలో తాము పోరాడుకుని వ్యూహాలు నేర్చుకునే ప్రోగ్రాములకు పట్టిక రాసివ్వక్కర్లేదు. గెలుపుకు ఎన్ని మార్కులు, ఓటమికి ఎన్ని అని చెబితే చాలు. 2020 ఆగస్టులో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా నడిపిన పోటీలో హెరాన్ సిస్టమ్స్ తయారుచేసిన ప్రోగ్రాం, అనుభవజ్ఞుడైన ఎఫ్-16 పైలట్‌ని సిమ్యులేటర్‌లో 5-0 తేడాతో ఓడించింది. అది గెలిచిన తీరు గమనించాలి. ఎదురెదురుగా దూసుకొస్తూ, ఢీకొనేంత దగ్గరలో, క్షణకాలం దొరికే గురితో కాల్చింది. శిక్షణలో మానవ పైలట్లకు అలాంటి దాడి నిషేధం, ఎందుకంటే ఇద్దరూ గాల్లోనే చనిపోయే ప్రమాదం ఉంది. ఆ ప్రోగ్రాంకి ప్రత్యర్థి విమానం ఏ క్షణంలో ఎక్కడుందో సిమ్యులేటర్ నుంచి తప్పుల్లేకుండా అందుతోంది. నిజమైన ఆకాశంలో ఏ పైలట్‌కీ అంత స్పష్టత ఉండదు. పైలట్ తన ప్రాణానికి ఇచ్చే విలువ, ఆ ప్రోగ్రాంకి రాసిచ్చిన మార్కుల్లో ఎంత ఉంటే అంతే. ఆ మార్కులు వేసింది ఇంజనీర్లు. ఇప్పటికే సిమ్యులేటర్ దాటి నిజమైన విమానాల్లోకి ఎక్కుతున్న ప్రోగ్రాములకు, పక్కన ఎగిరే సొంత పైలట్ ప్రాణానికి ఎన్ని, కింద ఉన్న ఊరికి ఎన్ని అని ఎవరో ఒకరు కూర్చుని రాయాల్సిందే.